249 గ్రాముల వెనుక కథ: డ్రోన్లకు ప్రభుత్వాలు చేసే అసలు సాయం

చిన్న డ్రోన్ల ఒంటి మీద, వాటి డబ్బాల మీద ఒక అంకె తరచూ కనిపిస్తుంది: 249 గ్రా. తూకం వేసి చూస్తే ఆ బరువు వచ్చింది కాదు, ఆ బరువుకు లోబడే తయారు చేశారు. 2019లో డీజేఐ సంస్థ మావిక్ మినీ అనే డ్రోన్‌ను సరిగ్గా 249 గ్రాములతో తెచ్చింది. అదే డ్రోన్ జపాన్‌లో మాత్రం 199 గ్రాములు. అందుకోసం చిన్న బ్యాటరీ పెట్టారు. దాంతో 30 నిమిషాలు ఎగరాల్సింది 18 నిమిషాలకు పడిపోయింది. ఇందులో సాంకేతిక రహస్యమేమీ లేదు. అమెరికాలో 250 గ్రాములు దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలి. జపాన్‌లో అప్పట్లో 200 గ్రాముల దగ్గర నిబంధనలు మొదలయ్యేవి. 2022 జూన్‌లో జపాన్ ఆ గీతను 100 గ్రాములకు దించేసరికి, 199 కోసం పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరైంది.

ఒక్క అంకె కోసం ఇంత తంటా పడ్డారంటే, ఆ అంకె ఎక్కడ పుట్టిందో చూడాల్సిందే.

2015లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఒక టాస్క్‌ఫోర్స్‌ను వేసింది. డ్రోన్ తయారీదారులు, దుకాణాల వాళ్లు, పైలట్ల సంఘాలు అందులో ఉన్నారు. నవంబరు తొలివారంలో మూడు రోజులు కూర్చుని, ఎంత బరువుంటే డ్రోన్‌ను రిజిస్టర్ చేయాలో తేల్చాల్సి వచ్చింది. వాళ్ల లెక్క ఇలా సాగింది. తలకు 80 జౌళ్ల శక్తితో ఏదైనా తగిలితే ప్రాణం పోయే అవకాశం 30 శాతం. పావు కిలో వస్తువు ఆకాశం నుంచి పడితే దాని వేగం సెకనుకు 25 మీటర్ల దగ్గర స్థిరపడుతుంది, అంటే గంటకు 90 కిలోమీటర్లు. హైస్కూల్లో చదివిన గతిశక్తి సూత్రంలో వీటిని వేస్తే 78 జౌళ్లు వస్తుంది. 80కి కాస్త కింద. సరిపోయింది. జనసాంద్రత, యంత్రం ఎన్ని గంటలకోసారి మొరాయిస్తుంది అన్న అంచనాలు కూడా కలిపి, 2 కోట్ల గంటలు ఎగిరితే పోయే ప్రాణాలు సగటున ఒకటి కంటే తక్కువేనని తేల్చి సంతకాలు పెట్టారు.

ఆ 80 జౌళ్ల మాట ఎక్కడిది? 2012 నాటి మైటర్ అనే సంస్థ నివేదికలోది. ఆ నివేదిక దాన్ని 2010 నాటి బ్రిటన్ రక్షణ శాఖ అధ్యయనం నుంచి తీసుకుంది. ప్లాస్టిక్ డ్రోన్ మనిషి తలకు తగిలితే ఏమవుతుందని విడిగా పరీక్షించి చెప్పిన అంకె కాదది. చేతిలో అంతకంటే మంచి లెక్క లేదు కాబట్టి దాన్నే వాడారు. నేను వాళ్లను తప్పు పట్టను, మూడు రోజుల్లో ఇంకెవరైనా అదే చేస్తారు. కానీ చూడండి, ఆ 80 జౌళ్లు తర్వాత యూరప్ నిబంధనల్లోకీ వెళ్లాయి. అక్కడ సీ1 తరగతి డ్రోన్ 900 గ్రాముల లోపు ఉండాలి, లేదా తలకు తగిలినప్పుడు బదిలీ అయ్యే శక్తి 80 జౌళ్ల లోపు ఉండాలి. 250 గ్రాముల గీతను భారత్‌తో సహా చాలా దేశాలు పెట్టుకున్నాయి.

డ్రోన్లకు ప్రభుత్వ ప్రోత్సాహం అనగానే మనకు సబ్సిడీలు, పథకాలు, రిబ్బన్ కటింగ్‌లు గుర్తొస్తాయి. అవీ ఉంటాయి. కానీ ఈ రంగంలో ప్రభుత్వం తప్ప ఇంకెవరూ చేయని పని ఒకటుంది. ఇలాంటి అంకెలు నిజమో కాదో ఖర్చు పెట్టి తేల్చడం. ఆ పని ఎలా సాగుతుందో, ఎక్కడ తప్పుతుందో అర్థమైతే డ్రోన్లు, ఎయిర్ ట్యాక్సీల వార్తలన్నీ వేరే రకంగా కనిపిస్తాయి.

బొమ్మ తలల మీద డ్రోన్లు

2015లోనే ఎఫ్‌ఏఏ మిసిసిపీ స్టేట్ యూనివర్సిటీ నాయకత్వంలో అష్యూర్ అనే విశ్వవిద్యాలయాల కూటమిని తన డ్రోన్ పరిశోధన కేంద్రంగా ఎంచుకుంది. డ్రోన్ మనిషి మీద పడితే ఏమవుతుంది అన్నది దానికి అప్పజెప్పిన తొలి పనుల్లో ఒకటి. కారు ప్రమాద పరీక్షల్లో కూర్చోబెట్టే బొమ్మల్లాంటివే తెచ్చి, వాటి తలల మీదికి డ్రోన్లను వదిలారు. 2017లో తొలి ఫలితాలు వచ్చాయి. అంతే బరువున్న చెక్క ముక్కో లోహపు ముక్కో అదే వేగంతో తగిలితే అయ్యే గాయం కంటే డ్రోన్ వల్ల అయ్యే గాయం చాలా తక్కువ. ఎందుకంటే తగిలినప్పుడు డ్రోన్ వంగుతుంది, మోటార్లను మోసే దాని చేతులు మెలికపడతాయి, శక్తిలో పెద్ద భాగం దానిలోనే ఖర్చయిపోతుంది. పైగా అంతే బరువున్న లోహం కంటే డ్రోన్‌కు గాలి నిరోధం ఎక్కువ కాబట్టి నెమ్మదిగా పడుతుంది కూడా. 2019 నాటికి 16 రకాల డ్రోన్లతో మొత్తం 512 పరీక్షలు, కంప్యూటర్ నమూనాలు పూర్తయ్యాయి.

అంటే 80 జౌళ్ల లెక్క తప్పా? తప్పు అనడం కంటే, అడగాల్సిన ప్రశ్న వేరు అనాలి. పడే వస్తువులో ఎంత శక్తి ఉందన్నది కాదు, అందులో ఎంత మనిషికి చేరుతుందన్నది ముఖ్యం. ఆ తేడాను కొలిచే పద్ధతిని ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ 2020లో ఎఫ్3389 పేరుతో రాసింది. 2021 జనవరిలో అమెరికా జనం తలల మీదుగా ఎగరడానికి నిబంధనలు తెచ్చినప్పుడు, పావు కిలో దాటినవాటికి బరువుకు బదులు గాయాన్నే కొలబద్దగా పెట్టింది. ఒక తరగతి డ్రోన్ చేసే గాయం, గట్టి వస్తువొకటి సుమారు 15 జౌళ్లతో తగిలితే అయ్యే గాయాన్ని మించకూడదు. ఇంకో తరగతికి ఆ హద్దు సుమారు 34. అంటే బరువైన డ్రోన్ అయినా, మెత్తగా విరిగిపోయేలా చేస్తే జనం మీదుగా ఎగరొచ్చు. అరచేయంత డ్రోన్లు చేయలేని కంపెనీలకు ఇది పెద్ద తలుపే.

ఊహతో వేసిన అంకె, దాన్ని పరీక్షించే పరిశోధన, పరీక్షా పద్ధతిని రాసే ప్రమాణం, దాన్ని చట్టంలోకి తెచ్చే నిబంధన. ప్రభుత్వ సాయం బాగా పనిచేసినప్పుడు ఈ వరుసలో నడుస్తుంది. 2015 నుంచి 2021 దాకా, ఆరేళ్లు పట్టింది.

విమానం మీద పడితే కథ తిరగబడింది. విమానాల అద్దాలు, తోక భాగాలు పక్షి దెబ్బకు తట్టుకోవాలని ఎప్పటి నుంచో నియమం ఉంది. పెద్ద విమానాల అద్దానికి 4 పౌండ్ల పక్షి, తోకకు 8 పౌండ్ల పక్షి. చచ్చిన కోళ్లను గాలి ఫిరంగిలో పెట్టి పేల్చి ఈ పరీక్షలు చేస్తారు, నమ్మండి నమ్మకపోండి. మరి అంతే బరువున్న డ్రోన్ తగిలినా పక్షి తగిలినంతే కదా అన్నది చాలామంది ధీమా. అదే అష్యూర్ కూటమి 2017 నవంబరులో ఆ ధీమాను పోగొట్టింది. పక్షి శరీరం తగలగానే దాదాపు నీళ్లలా చిమ్ముతుంది. డ్రోన్‌లో మోటార్లు, బ్యాటరీ, కెమెరా గట్టిగా ఉండి లోహాన్ని చీల్చుకుపోతాయి. ఒకే బరువు, ఒకే వేగం, కానీ నష్టం ఎక్కువ.

ఒకే కూటమి మనుషుల విషయంలో డ్రోన్ పరిశ్రమకు నచ్చే మాట, విమానాల విషయంలో నచ్చని మాట చెప్పింది. డబ్బు ఏ కంపెనీదో అయి ఉంటే రెండో నివేదిక బయటికి వచ్చేదా? నాకు అనుమానమే.

"దూరంగా ఉండు" అంటే ఎంత దూరం?

ఇంకో ఉదాహరణ దగ్గరగా చూడదగ్గది. ఆకాశంలో రెండు విమానాలు ఎదురుపడితే పైలట్లు కళ్లతో చూసి తప్పుకోవాలి, ఒకరికొకరు "తగినంత దూరంగా" ఉండాలి. అమెరికా నిబంధనల్లో దశాబ్దాలుగా ఉన్న మాట ఇదే. తగినంత అంటే ఎంతో ఎక్కడా రాయలేదు. రాయాల్సిన అవసరం రాలేదు. పైలట్‌కు అనుభవం ఉంది, కళ్లున్నాయి, భయం ఉంది. ఆ మాట చాలు.

డ్రోన్‌కు ఆ మాట చాలదు. అందులో ఉన్న కంప్యూటర్‌కు "మరీ దగ్గరికి పోకు" అని చెప్పలేం, అంకె చెప్పాలి. నాసా 2011 నుంచి 2020 దాకా నడిపిన ప్రాజెక్టులో, మరికొన్ని ప్రభుత్వ ప్రయోగశాలలతో కలిసి, లెక్కలేనన్ని కంప్యూటర్ ఎదురుపాట్లు నడిపి, నేల మీద పైలట్లను కూర్చోబెట్టి పరీక్షించి ఆ అంకె తేల్చింది. పెద్ద డ్రోన్లకు అడ్డంగా 4,000 అడుగులు, నిలువుగా 450 అడుగులు, దానితో పాటు ఢీకొనడానికి సుమారు 35 సెకన్ల గడువు. ఆర్‌టీసీఏ అనే సంస్థ 2017లో వెలువరించిన డీఓ-365 ప్రమాణంలో ఈ అంకెలు చేరాయి. చిన్న డ్రోన్లకు ఇవి మరీ ఎక్కువ. అందుకని ఎంఐటీ లింకన్ ల్యాబొరేటరీ చేసిన విశ్లేషణ ఆధారంగా వాటికి 2,000 అడుగులు, 250 అడుగులు అని ఏఎస్‌టీఎం ప్రమాణంలో రాశారు.

ఈ అంకె ఒక వంద అడుగులు పెరిగితే ఏమవుతుంది? ఇంకా దూరం చూసే రాడార్ కావాలి. దాని బరువు పెరుగుతుంది, కరెంటు ఎక్కువ తాగుతుంది, ఎగిరే సమయం తగ్గుతుంది. కొన్ని కంపెనీల వ్యాపారం అక్కడితో సరి. తగ్గితే? హెలికాప్టర్ అంబులెన్సు నడిపే పైలట్‌కు టెన్షన్. అందుకే ఈ కమిటీ గదుల్లో వాదన ఎప్పుడూ తత్వం మీద జరగదు, అడుగుల మీద, సెకన్ల మీద జరుగుతుంది.

ఇంతకీ ఈ ప్రమాణాలు రాసేది ప్రభుత్వం కాదు. చాలామంది తికమకపడేది ఇక్కడే. 1995 నాటి ఒక అమెరికా చట్టం ప్రకారం, ప్రభుత్వ సంస్థలు సొంతంగా ప్రమాణాలు రాసుకునే బదులు, వీలైనంత వరకు పరిశ్రమ, నిపుణులు అందరూ కలిసి ఒప్పుకున్న ప్రమాణాలనే వాడాలి. అందుకే నిబంధన "ఏం సాధించాలి" అని చెబుతుంది, ప్రమాణం "ఎలా సాధించి చూపించాలి" అని చెబుతుంది. ఎఫ్‌ఏఏ ఆ ప్రమాణాన్ని చదివి "ఇలా చేస్తే నాకు సమ్మతమే" అంటుంది. రిమోట్ ఐడీని తీసుకోండి. రిజిస్టర్ చేయాల్సిన ప్రతి డ్రోన్ ఎగిరేటప్పుడు తానెవరో, ఎక్కడుందో రేడియోలో చెబుతూ ఉండాలన్న ఈ నిబంధన 2021 జనవరిలో వచ్చింది. ఆ సందేశం ఏ రూపంలో ఉండాలో చెప్పే ఏఎస్‌టీఎం ప్రమాణాన్ని ఎఫ్‌ఏఏ ఆమోదించింది 2022 ఆగస్టులో. ఆ ఏడాదిన్నర నిబంధన ఉంది, దాన్ని పాటించి చూపించే ఆమోదిత దారి మాత్రం లేదు.

ఈ పద్ధతిలో లాభం ఏమిటంటే, యంత్రాన్ని తయారు చేసేవాళ్లే కొలతలు రాస్తారు కాబట్టి ఆచరణ సాధ్యం కానివి రావు. నష్టమూ అదే. ఏఎస్‌టీఎం డ్రోన్ కమిటీ 2003 నుంచీ పనిచేస్తోంది. అలాంటి కమిటీల్లో కూర్చునేవాళ్లకు జీతం ఇచ్చేది సాధారణంగా వాళ్ల కంపెనీయే. ఏడాదికి ఒక ఇంజినీరును పూర్తిగా మీటింగులకు పంపగల కంపెనీకి ఉన్న గొంతు, ఐదుగురితో నడిచే స్టార్టప్‌కు ఉండదు. పక్కింట్లో ఉండి ఈ శబ్దం భరించాల్సిన మనిషికైతే కుర్చీయే ఉండదు. ప్రమాణాల పత్రాలు చాలావరకు డబ్బు పెట్టి కొనుక్కోవాల్సినవి కూడా. చట్టంలో భాగమైనదాన్ని చదవడానికి బిల్లు కట్టడం నాకెప్పటికీ మింగుడుపడని విషయం. నాసా, ఎఫ్‌ఏఏ ఉద్యోగులు ఆ గదుల్లో ఉండటం కూడా ఒక రకం ప్రభుత్వ సాయమే. బడ్జెట్ ప్రసంగాల్లో కనిపించదు, అంతే.

ఆ గదుల్లో ఇంకా ఎంత పని మిగిలిందో చెప్పడానికి ఒక పట్టిక చాలు. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ ఆన్సీ 2020 జూన్‌లో డ్రోన్ ప్రమాణాల రోడ్‌మ్యాప్ వెలువరించింది. ప్రమాణమే లేని అంశాలు 71 అని తేల్చింది. వాటిలో 53 చోట్ల అసలు ప్రమాణం రాయాలన్నా ముందు పరిశోధన జరగాలి. కమిటీని ఎంతసేపు కూర్చోబెట్టినా రాయడానికి డేటా లేదన్నమాట.

మనుషులెక్కితే

సరుకులు మోసే డ్రోన్ దగ్గరి నుంచి మనుషులను మోసే ఎయిర్ ట్యాక్సీ దగ్గరికి వస్తే చిక్కు ఇంకోలా ఉంటుంది. డ్రోన్‌కు నిబంధనల పుస్తకమే లేదు. ఎయిర్ ట్యాక్సీకి ఉన్న పుస్తకాలు రెండు, అది ఏ ఒక్కదానిలోనూ ఇమడదు. హెలికాప్టర్‌లా నిలువుగా లేస్తుంది, విమానంలా రెక్కల మీద పోతుంది. అమెరికాలో మొదట చిన్న విమానాల పుస్తకంలో ఇరికిద్దామని చూశారు. 2022 మేలో ఎఫ్‌ఏఏ మనసు మార్చుకుని ప్రత్యేక తరగతి అంది. అప్పటికే ఏళ్లుగా పనిచేస్తున్న కంపెనీలు లబోదిబోమన్నాయి. ఈ పవర్డ్ లిఫ్ట్ తరగతిలో పైలట్లకు ఎలా శిక్షణ ఇవ్వాలి, వాటిని ఎలా నడపాలి అన్న నిబంధన 2024 అక్టోబరు 22న గానీ రాలేదు. 1940లలో హెలికాప్టర్లు వచ్చాక కొత్త తరగతి విమానానికి దారి తెరవడం ఇదే మొదటిసారి.

యూరప్ నియంత్రణ సంస్థ ఈఏఎస్‌ఏ 2019 జులైలోనే కొత్త పుస్తకం రాసింది. నగరాల మీదుగా డబ్బు తీసుకుని ప్రయాణికులను మోసేవాటికి అందులో పెట్టిన హద్దు చాలా కఠినం. ప్రాణాంతకమైన వైఫల్యం వంద కోట్ల గంటలకు ఒకటి కంటే తరచుగా రాకూడదు. ఆగకుండా ఎగిరితే లక్షా పద్నాలుగు వేల ఏళ్లు. పెద్ద ప్రయాణికుల విమానాలకు పెట్టే హద్దే ఇది. నలుగురు కూర్చునే బండికి ఇంత అవసరమా అని కంపెనీలు గొణిగాయి. ఇళ్ల మీదుగా రోజూ పోయేదానికి ఇంతకంటే తక్కువ పెడితే నేనైతే గొణుగుతాను.

శబ్దం సంగతి కూడా ఇలాంటిదే. ఎయిర్ ట్యాక్సీ తయారుచేసే ఏ కంపెనీని అడిగినా "మాది చాలా నిశ్శబ్దం" అంటుంది. కాకి పిల్ల కాకికి ముద్దు. 2021లో నాసా కాలిఫోర్నియాలోని జోబీ సంస్థ స్థలానికి వెళ్లి, నేల మీద 50కి పైగా మైక్రోఫోన్లు పరిచి, రెండు వారాల పాటు విమానం ఎగరేయించి కొలిచింది. 500 మీటర్ల ఎత్తులో గంటకు 185 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు కింద వినిపించింది 45.2 డెసిబెల్స్ అని 2022 మేలో జోబీ ప్రకటించింది. అంకె చెప్పింది కంపెనీయే, కానీ మైక్రోఫోన్లు కంపెనీవి కావు. నమ్మకం అక్కడ పుట్టింది. దిగే స్థలాలకు, అంటే వెర్టీపోర్టులకు, ఈఏఎస్‌ఏ, ఎఫ్‌ఏఏ 2022లో తొలి మార్గదర్శకాలు ఇచ్చాయి. వాటి గురించి విడిగా రాయాలి.

డబ్బు మాట

డబ్బు అసలు అక్కర్లేదని కాదు. బ్రిటన్ తన ఫ్యూచర్ ఫ్లైట్ ఛాలెంజ్‌కు 12.5 కోట్ల పౌండ్లు పెట్టింది. భారత్ 2021లో డ్రోన్ నిబంధనలను సరళం చేసి, వెంటనే తయారీదారులకు మూడేళ్లకు 120 కోట్ల రూపాయల ప్రోత్సాహకం ప్రకటించింది. అమెరికా వైమానిక దళం 2020లో ఎజిలిటీ ప్రైమ్ పేరుతో ఎయిర్ ట్యాక్సీ కంపెనీలకు తొలి గిరాకీ అయింది. కొనేవాడు దొరకడం కూడా సాయమే. నిజానికి గ్రాంటు కంటే మేలైన సాయం, ఎందుకంటే యంత్రం ఎగిరితేనే డబ్బు.

కంపెనీని బతికించడం ప్రభుత్వం పనా అన్న ప్రశ్నకు జర్మనీలో 2024లో గట్టి పరీక్షే ఎదురైంది. లిలియమ్ అనే ఎయిర్ ట్యాక్సీ కంపెనీ రుణం కోసం కేంద్ర ప్రభుత్వం 5 కోట్ల యూరోల హామీ ఇవ్వాలని కోరింది. అక్టోబరులో పార్లమెంటు బడ్జెట్ కమిటీ ఒప్పుకోలేదు. ఆ నెలలోనే కంపెనీ దివాలా ప్రక్రియకు వెళ్లింది. పారిస్ ఒలింపిక్స్‌లో ప్రయాణికులను ఎక్కించుకోవాలని కలగన్న వోలోకాప్టర్ డిసెంబరులో అదే దారి పట్టింది. హామీ ఇచ్చి ఉంటే బతికేదేమో, ఏడాది తర్వాత మళ్లీ చేయి చాచేదేమో. నా వరకు చెప్పాలంటే, మూతపడిన కంపెనీతో పాటు దానికిచ్చిన డబ్బు కూడా మునుగుతుంది. బొమ్మ తలల మీద చేసిన ఆ పరీక్షలు మునగవు. వాటిని రేపు పుట్టే కంపెనీ కూడా వాడుకోవచ్చు.

అలాగని పరిశోధనకు పెట్టినదంతా సద్వినియోగమైందని కాదు. 2012లో అమెరికా కాంగ్రెస్ ఆదేశిస్తే, 2013 డిసెంబరులో ఎఫ్‌ఏఏ అలాస్కా నుంచి వర్జీనియా దాకా ఆరు డ్రోన్ పరీక్షా కేంద్రాలను ప్రకటించింది. పేరు ఇచ్చింది, డబ్బు ఇవ్వలేదు. అక్కడ ఎగిరిన డ్రోన్ల డేటాను తర్వాతి నిబంధనల కోసం ఎఫ్‌ఏఏ ఇంకా బాగా వాడుకోవాల్సిందని ప్రభుత్వ ఖర్చుల మీద నిఘా ఉంచే జీఏఓ 2020లో తేల్చింది. పెళ్లి పందిరి వేసి ముహూర్తం మరిచినట్టు. దీనికి ఎదురుగా నాసా నడిపిన డ్రోన్ ట్రాఫిక్ ప్రాజెక్టును చూడండి. పరిమల్ కోపర్దేకర్ నాయకత్వంలో 2015 నుంచి 2019 దాకా నాలుగు మెట్లుగా సాగింది. మొదట ఖాళీ మైదానాలు, చివరికి రెనో, కార్పస్ క్రిస్టీ నగర వీధుల మధ్య. ప్రతి మెట్టుకూ ముందే అనుకున్న ప్రశ్న ఉంది, వచ్చిన జవాబు ఎవరి చేతికి పోవాలో ముందే తెలుసు.

చైనాది వేరే దారి. ఈహాంగ్ సంస్థ తయారుచేసిన, పైలట్ లేకుండా ఇద్దరిని మోసే ఈహెచ్216-ఎస్‌కు 2023 అక్టోబరులో అక్కడి నియంత్రణ సంస్థ టైప్ సర్టిఫికెట్, అంటే ఆ నమూనా భద్రతకు అధికారిక ముద్ర, ఇచ్చింది. ఆ తరహా విమానాల్లో ప్రపంచంలో ఇదే మొదటిది. పరిశ్రమను ముందుకు నెట్టే ప్రభుత్వమే దాన్ని ఆపగల అధికారి కూడా అయినప్పుడు వేగం వస్తుంది. ఆ సర్టిఫికెట్‌ను మిగతా దేశాలు ఏ మేరకు ఒప్పుకుంటాయన్నది వేరే లెక్క. పరీక్షల వివరాలు ఎంత బయటపెడితే అంత ఒప్పుకోలు దొరుకుతుంది.

ఇప్పుడు అందరి కళ్లూ ఉన్నది కనుచూపు మేర దాటి డ్రోన్లను నడిపే నిబంధన మీద. 2025 ఆగస్టులో ఎఫ్‌ఏఏ విడుదల చేసిన ముసాయిదా ప్రకారం, 1,320 పౌండ్ల దాకా బరువున్న డ్రోన్లకు మామూలు విమానాల తరహా సర్టిఫికెట్ అక్కర్లేదు. పరిశ్రమ ప్రమాణాలను పాటించామని తయారీదారు ప్రకటించి, ఎఫ్‌ఏఏ ఒప్పుకుంటే చాలు. కమిటీ గదుల్లో రాసే అంకెల బరువు ఒక్కసారిగా పెరిగిందన్నమాట. అదే ముసాయిదాలో ఇంకో ప్రతిపాదన ఉంది. తన స్థానాన్ని రేడియోలో చెప్పుకుంటూ పోయే విమానానికి డ్రోన్ దారి ఇవ్వాలి. చెప్పుకోని విమానమైతే చాలా సందర్భాల్లో విమానమే డ్రోన్‌కు దారి ఇవ్వాలి. చిన్న విమానాల పైలట్లు దీనికి భగ్గుమన్నారు. రేడియో పరికరం లేని పాత విమానంలో కూర్చున్న పైలట్, 2,000 అడుగుల దూరంలో ఉన్న బుట్టంత డ్రోన్‌ను కళ్లతో చూసి తప్పుకోగలడా? కళ్లకు అంత చిన్నది అంత దూరంలో కనిపిస్తుందో లేదో ఫిర్యాదులతో తేలదు. ఎవరో ఒకరు డబ్బు పెట్టి, పైలట్లను ఎక్కించి, డ్రోన్లను ఎదురుగా ఎగరేసి కొలవాలి.